జిమ్‌లో తగ్గని టెన్షన్ పార్కులో నడిస్తే తగ్గుతుందా?

నాకైతే తగ్గిందండి, కానీ ఊరికే నడిస్తే కాదు, ఎక్కడ నడిచానన్న దాన్ని బట్టి.

రెండేళ్ళ కింద మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్న రోజుల్లో నాకూ మీలాగే ఉండేది, రోజూ ట్రెడ్‌మిల్ మీద అరగంట చెమటలు కక్కినా బుర్రలో మాత్రం అదే గోల, రాత్రి మూడింటికి మెలకువొస్తే ఇంక నిద్ర లేదు. మాది హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ, కేబీఆర్ పార్కు దగ్గరే. మొదటి వారం పార్కు బయట ఫుట్‌పాత్ మీదే నడిచా (లోపలికి టికెట్ దండగ అని, పిసినారి బుద్ధి). పక్కన హారన్లు, చెవిలో ఇయర్‌ఫోన్లు, మధ్యలో మేనేజర్ మెసేజ్‌లు, కాళ్ళ నొప్పులు తప్ప ఏం మిగల్లేదు.

తర్వాత లోపలికెళ్ళా. మట్టి దారి, బండరాళ్ళు, ఎక్కడో నెమలి అరుపు, చూడ్డానికి అంత అందంగా ఉంటుందా, అరిస్తే పిల్లి తోక తొక్కినట్టే. ఓ రోజు ఒకటి దారికి అడ్డంగా నిలబడింది, వెనకొచ్చే అంకుల్స్‌తో సహా అందరం ఆగిపోయాం. అది పోయాక గుర్తొచ్చింది, పొద్దుట్నుంచి ఆఫీసు సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదని.

2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అచ్చం ఇదే చేసి చూశారు, కొంతమందిని గంటన్నర చెట్లూ గడ్డీ ఉన్నచోట, కొంతమందిని రద్దీ రోడ్డు పక్కన నడిపించారు. చెట్ల దగ్గర నడిచినవాళ్ళకి ఒకే బాధని పదేపదే తవ్వుకోవడం తగ్గింది, రోడ్డు బ్యాచ్‌కి తగ్గలేదు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది మీద చేసిన సర్వేలో, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్ళు ఎక్కువగా బాగున్నామని చెప్పారు, ఒకేసారైనా ముక్కలుగా అయినా పర్లేదట. అయితే బాగున్నవాళ్ళే బయటికెళ్తున్నారేమో కూడా, సర్వేతో అది తేలదు.

నిద్ర కుదుటపడ్డానికి నాకు మూడు వారాలు పట్టింది, పొద్దుటి ఎండ ఒంట్లో గడియారాన్ని సరిచేస్తుందంటారు కదా, అదీ కలిసొచ్చి ఉంటుంది. ఒక్కటి మాత్రం, నేను అప్పుడు కౌన్సెలింగ్ కూడా తీసుకున్నా, మొత్తం క్రెడిట్ నెమలికి ఇవ్వలేను. మీకు మరీ బరువుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఫోన్ బండి డిక్కీలో పడేసి వెళ్ళండి. ఆదివారం మాత్రం వద్దు, పార్కింగ్ దొరక్క ఉన్న ప్రశాంతత కాస్తా గేటు దగ్గరే పోతుంది.