వీడియో పంపిన తేదీ సరే, ఆర్డరు విన్న తేదీ ఏది?

ప్రశ్న: మా ఆయన ఆర్మీలో సిపాయి. 2025 మే నెలలో సెలవు మీద ఇంటికి వచ్చారు. ఆపరేషన్ సిందూర్ మొదలవడంతో మధ్యలోనే వెనక్కి పిలిచారు. యూనిట్‌లో చేరిన మర్నాడు, నేను ఏడుస్తున్నానని, క్షేమంగా ఉన్నట్టు చూపించడానికి వాట్సాప్‌లో చిన్న వీడియో పంపారు. వెనకాల మిలిటరీ వాహనాలు కనిపిస్తున్నాయి. మా తమ్ముడు దానికి పాట జోడించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టాడు. ఇప్పుడు మా ఆయన మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఆర్మీ లోపలి విచారణ) నడుస్తోంది. ప్రకటించని యుద్ధానికి ఇన్ని ఆంక్షలా? భార్యతో మాట్లాడే స్వేచ్ఛ కూడా లేదా? హైకోర్టుకు వెళ్లమంటారా? ఫోన్లలో ఉన్నదంతా తీసేస్తే గొడవ ఆగుతుందా? వీడియో జత చేస్తున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ చివరి వాక్యం గురించి. ఏ వీడియో బయటికి పోయిందని మీ ఆయన్ని విచారిస్తున్నారో, అదే వీడియోను ముక్కూ మొహం తెలియని నాకు పంపారు. ఇంత జరిగాక కూడానా? నేను దాన్ని తెరవలేదు. ఇకమీద మీ లాయరుకు కూడా పంపొద్దు, ఫోన్ పట్టుకెళ్లి చూపించండి.

స్వేచ్ఛ వాదన పక్కన పెట్టండి. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగం 33వ అధికరణమే ఇచ్చింది. ఆర్మీ యాక్ట్ 21వ సెక్షన్ దాని మీదే నిలబడి ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమని 2020 జూన్‌లో ఆర్మీ ఆదేశిస్తే, ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టులో పిటిషన్ కొట్టేశారు. యుద్ధం ప్రకటించలేదన్న మాట కూడా పనికిరాదు. శత్రువుతో పోరాడే ఆపరేషన్‌లో దళం ఉంటే చాలు, చట్టం దృష్టిలో అది యాక్టివ్ సర్వీసే, అంటే యుద్ధవిధుల్లో ఉన్నట్టే.

మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒకటే ఉంది, దాన్ని మీరు యథాలాపంగా రాసేశారు: సెలవు నుంచి వెనక్కి పిలిచారని. ఆపరేషన్ రోజుల్లో ఫోన్ల వాడకం మీద యూనిట్‌లో కొత్త ఆర్డరు ఇచ్చి ఉంటే, దాన్ని రోల్ కాల్‌లో (హాజరు తీసుకునేటప్పుడు) చదివిన రోజు మీ ఆయన ఎక్కడున్నారు? ఇంట్లో ఉంటే, తిరిగి చేరాక ఎవరైనా చదివి వినిపించారా, సంతకం తీసుకున్నారా? జనరల్ ఆర్డర్లను పాటించలేదన్న ఆర్మీ యాక్ట్ 42(ఇ) ఆరోపణకు రెండేళ్ల వరకు జైలు. ఆర్డరు ఆయనకు చేరనేలేదని చూపగలిగితే దాని బలం చాలా తగ్గుతుంది. అయితే సంబరపడకండి. ఆరోపణ 2020 నాటి పాత ఆంక్షల మీద పెడితే, వాటికి ఎప్పుడో సంతకం చేసే ఉంటారు. క్రమశిక్షణకు భంగం అనే ఆర్మీ యాక్ట్ 63వ సెక్షన్ పెడితే ఏడేళ్ల దాకా జైలు ఉంది, దాని వల కూడా పెద్దది. అక్కడ రెండో ప్రశ్న ముఖ్యమవుతుంది: భార్యకు పంపింది ఆయన, లోకానికి చూపింది మీ తమ్ముడు. రెండూ ఒకటి కావు.

ఆ తేడా నిరూపించేది మీరు తుడిచేస్తానంటున్న ఆ ఫోన్లే! ఎవరు, ఎవరికి, ఏ నిమిషంలో పంపారో అక్కడే ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) రాయాలి. ఫోన్ రీసెట్ చేశాక ఏం రాస్తారు? పైగా విచారణకు అందకుండా సాక్ష్యం చెరిపితే భారతీయ న్యాయ సంహిత 241 కింద మూడేళ్ల వరకు జైలు, అదీ మీకు. రీల్‌ను మీ తమ్ముణ్ణి, తేదీతో సహా స్క్రీన్ రికార్డు తీసుకుని, ఎవరికీ కనిపించకుండా దాచమనండి. డిలీట్ మాత్రం వద్దు.

"ఫోన్ హ్యాక్ అయింది" లాంటి కథ చెప్పమని ఎవరైనా సలహా ఇచ్చారా? ఇస్తారు, నాకు తెలుసు. ఆర్మీ రూల్స్ 182 ప్రకారం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో చెప్పిన మాటను ఆయన మీద సాక్ష్యంగా వాడకూడదు. కావాలని అబద్ధం చెప్పారన్న కేసులో మాత్రం వాడొచ్చు. అంటే నిజం చెప్పినవాడికి రక్షణ ఉంది, కథ చెప్పినవాడికి లేదు. ఆయన పేరుప్రతిష్ఠలకు భంగం కలిగే విచారణ కాబట్టి, రూల్ 180 కింద దగ్గరుండి సాక్షులను ప్రశ్నించే హక్కు కూడా ఉంది. ఇప్పుడే లిఖితపూర్వకంగా అడగమనండి.

కాలం సంగతి. కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానంలో విచారణ) పెట్టడానికి ఆర్మీకి మూడేళ్ల గడువు ఉంది, అదీ విషయం వాళ్లకు తెలిసిన రోజు నుంచి. కొన్ని నెలలు నిశ్శబ్దంగా గడిచాయని వదిలేశారనుకోకండి. మీ గడువులు చిన్నవి: కోర్టు మార్షల్ తీర్పు మీద, సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు అప్పీలు 90 రోజుల్లో, ఇతర సర్వీసు విషయాల్లో తుది ఉత్తర్వు నుంచి ఆరు నెలల్లో వేయాలి. ముందు డిపార్ట్‌మెంట్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవాలి, ఆ మెట్టు దాటేస్తే ట్రిబ్యునల్‌లో అదే అడుగుతారు.

సమ్మరీ కోర్టు మార్షల్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసరే జరిపే క్లుప్త విచారణ) అయితే, లాయరును పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. సలహా ఇవ్వనిస్తారు, వాదించనివ్వరు. "ఒప్పుకో, చిన్న శిక్షతో పోతుంది" అంటే లాయరును అడగకుండా ఒప్పుకోవద్దని చెప్పండి.

మీ తమ్ముడికి వేరే లాయరును పెట్టుకోమనండి. ఆర్మీ యాక్ట్ అతనికి వర్తించదు గానీ, 1923 అధికార రహస్యాల చట్టం పౌరులకూ వర్తిస్తుంది. మీ ఆయనకు మేలు చేసే సాక్ష్యమే అతనికి కీడు చేయొచ్చు, ఇద్దరికీ ఒకే లాయరు కుదరదు.

ఇక ఆర్డరు చదివిన రోజు ఆయన ఎక్కడున్నారో చూపడానికి లీవ్ సర్టిఫికెట్, వెనక్కి రమ్మన్న మెసేజ్, తిరుగు ప్రయాణం రైలు టికెట్ వెతకండి. టికెట్ మీద అచ్చు వెలిసిపోతుంది, ఈ రోజే జిరాక్స్ తీయించండి.