ప్లీడరు ఫీజుకు తగ్గింపు ఉంటుందా?

ప్రశ్న: అయ్యా, నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ గుమస్తాగా పనిచేసేదాన్ని. 2022 మార్చిలో ప్రసూతి సెలవు ముగించుకొని వెళ్లేసరికి నా కుర్చీలో మరొకరు కూర్చొని ఉన్నారు. పిల్లతల్లివి, ఇంటిపట్టున ఉండటమే మేలని చెప్పి పంపించేశారు. లేబర్ కోర్టులో వ్యాజ్యం నడిచి 2026 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 2022 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు బకాయి జీతం 11,40,000, ఉద్యోగం వదులుకున్నందుకు పరిహారం 5,00,000, మొత్తం 16,40,000 రూపాయలు ఇచ్చి, అందులో 1,19,340 పన్ను కోసుకున్నారు. నాకు ప్లీడరు ఫీజే 2,40,000 అయింది. న్యూజెర్సీలో ఉంటున్న మా తమ్ముడు అక్కడ ఇలాంటి కేసుల్లో లాయరు ఫీజును ఆదాయంలోంచి తీసేస్తారని చెబుతున్నాడు. ఇక్కడ కుదరదా? ఈ నాలుగేళ్లలో నాకు వేరే సంపాదన లేదు.
— ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పింది నిజమే, కాని అది ఆ దేశపు చట్టం. అక్కడ ఉద్యోగంలో వివక్ష కేసు వేసినవారి లాయరు ఫీజును, ఆ కేసు వల్ల ఆ ఏడాది పన్ను లెక్కలోకి వచ్చిన సొమ్ముకు మించకుండా, ఆదాయంలోంచి తగ్గించుకోనిస్తూ 2004లో చట్టం చేశారు. గెలిచిన సొమ్ములో లాయరు వాటా తీసుకోవడం అక్కడ మామూలు; ఆ వాటా కూడా కక్షిదారు ఆదాయమేనని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, ఈ తగ్గింపే లేకపోతే చేతికి రాని డబ్బుకు పన్ను కట్టాల్సి వచ్చేది. మన దేశంలో వకీళ్లు అలా వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తాయి.

ఇక మన సంగతి. మీకు వచ్చిన సొమ్ము 2025-26 ఆర్థిక సంవత్సరానిది కాబట్టి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. బకాయి జీతం ఎలాగూ జీతమే. ఉద్యోగం పోయినందుకు యజమాని ఇచ్చే పరిహారాన్ని కూడా 17(3) సెక్షను జీతానికి బదులు వచ్చిన లాభంగా, అంటే జీతంగానే, చూస్తుంది. జీతంలోంచి ఏమేమి తగ్గించవచ్చో 16వ సెక్షను చెబుతుంది: స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను, ప్రభుత్వోద్యోగులకు వినోద భత్యం, అంతే. కొత్త పన్ను విధానంలో మీకు దక్కేది 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే. మీరు పిన్ను కొట్టి పంపిన ప్లీడరు రసీదులకు ఆ సెక్షనులో చోటు లేదు. అదే వ్యాజ్యంలో మీ మీద పోరాడటానికి సంస్థ పెట్టిన లాయరు ఖర్చు మాత్రం 37(1) సెక్షను కింద వ్యాపార ఖర్చుగా దాని లెక్కల్లో తగ్గిపోతుంది. ఇది నాకూ న్యాయంగా తోచదు, కాని చట్టం అలాగే ఉంది.

అయితే మీరు అడగని విషయం ఒకటి ఉంది, మీకు పనికొచ్చేది అదే. మూడేళ్ల జీతం ఒక్కసారిగా చేతికి రావడం వల్ల పన్ను భారం పెరిగితే, 89వ సెక్షను కింద ఉపశమనం కోరవచ్చు. ఏ ఏడాది జీతం ఆ ఏడాదే అంది ఉంటే ఎంత పన్ను పడేదో చూసి, అంతకు మించిన భారాన్ని తీసేస్తారు. మీ 11,40,000ను మూడేళ్లకు సర్దితే ఏటా 3,80,000. వేరే ఆదాయం లేదన్నారు కాబట్టి ఆ మూడేళ్లలో ఏ ఏడాదికీ రిబేటు (తక్కువ ఆదాయం ఉన్నవారికి పన్నులో ఇచ్చే తగ్గింపు) పోను పన్ను ఉండదు. ఈ ఏడాదికి మిగిలే 5,00,000 పరిహారం మీదా పన్ను రాదు. అంటే కోసుకున్న 1,19,340 రూపాయలూ తిరిగి అడగవచ్చు. ప్లీడరు ఫీజుకే తగ్గింపు ఇచ్చి ఉంటే మీకు మిగిలేది సెస్సుతో కలిపి 37,440 మాత్రమే.

ఒక్క చిక్కుంది. మీరు పంపిన రాజీ పత్రం జిరాక్సులో అన్ని బాకీలూ చెల్లు అంటూ 16,40,000 అని ఒకే అంకె వేశారు. జీతమెంత, పరిహారమెంత అన్నది మీ ప్లీడరు గారు పెన్సిలుతో అంచున రాసుకున్న లెక్క. అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర చెల్లదు. ఏ సంవత్సరానికి ఎంత జీతమో విడివిడిగా రాసి, సంతకం, ముద్ర వేసిన ఉత్తరం సంస్థ నుంచి తీసుకోండి, జీతం, పన్ను కోత వివరాలతో సంస్థ ఇచ్చే ఫారం 16లోనూ ఆ విభజన కనిపించేలా చూడమనండి. రాజీ అయిపోయాక వాళ్లకు తొందర ఉండదు కనుక, ప్లీడరు గారి చేత అడిగించడం మంచిది.

ఉత్తరం అందాక ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఈ ఉపశమనం కోరే ఫారం 10ఇ నింపండి, రిటర్ను ఆ తర్వాతే వేయండి. 10ఇ లేకుండా రిటర్నులో ఉపశమనం అంకె వేస్తే రిటర్నులు పరిశీలించే శాఖవారి బెంగళూరు కేంద్రం దాన్ని కొట్టేసి నోటీసు పంపుతుంది. మన ఊళ్లో ఈ పొరపాటు చేసి వచ్చేవాళ్లే ఎక్కువ. రీఫండు పడాల్సిన బ్యాంకు ఖాతాను కూడా పోర్టల్‌లో ముందే ధ్రువీకరించి పెట్టుకోండి.