ఫ్రిస్కోలో అంతా మనవాళ్లేనట, ఇల్లు కొనొచ్చా?

"డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు చూస్తున్నాం. వీధి వీధంతా తెలుగువాళ్లేనట కదా, ఇక పిల్లలకు అమెరికా ఏం తెలుస్తుంది?" అని అడిగారు. 2008 నుంచి ఇక్కడే ఉంటున్నాను కాబట్టి జవాబు రాస్తున్నాను.

మేము వచ్చిన కొత్తలో ఊరికి ఉత్తరాన అన్నీ ఖాళీ పొలాలే, ఆవులు మేస్తుండేవి. 2000 జనగణనలో 33,714 మంది ఉన్న ఊరు ఇది. 2010కి 1,16,989 అయింది, 2020కి రెండు లక్షలు దాటింది. ఇప్పుడు శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళితే ఎటు చూసినా తెలుగు మాటలే. అందులో తప్పేమీ లేదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మాట్లాడే మనిషి లేక నెల తిరక్కముందే టికెట్ మార్చమంది. ఇప్పుడు వస్తే సాయంత్రం వాకింగ్‌కి వెళ్లి చీకటి పడ్డాక గానీ ఇంటికి రాదు.

నా బాధల్లా వేరు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా మంచు తుఫానులో చిక్కుకున్నప్పుడు, డాలస్‌లో చలి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోయింది. గంటల తరబడి కరెంటు లేదు. అది తిరిగొచ్చి ఇల్లు కాస్త వేడెక్కగానే పైగదిలో ధబ్బుమని శబ్దం. చలికి గడ్డకట్టిన నీళ్ల పైపు పగిలి సీలింగ్‌లోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. మా ఆవిడ బకెట్లు పెడుతోంది. నేను మన కాలనీ వాట్సాప్ గ్రూపులో "నీళ్లు ఎక్కడ కట్టేయాలి?" అని అడుగుతున్నాను. రెండొందల మంది ఉన్న గ్రూపు. అయ్యో అన్నారు, ప్లంబర్ల నంబర్లు పంపారు. ఒక్కరికీ తెలియదు.

ఈలోగా పదేళ్ల మా చిన్నోడు చెప్పాపెట్టకుండా ఎదురింటికి పరిగెత్తి ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. డెబ్బై దాటిన తెల్లాయన. చేతిలో 'టీ' ఆకారంలో పొడవాటి ఇనప కడ్డీ. రోడ్డు అంచున మంచు తవ్వి, ఇనప మూత ఎత్తి, కడ్డీ దించి ఒక తిప్పు తిప్పాడు. అంతే, నీళ్లు ఆగిపోయాయి. ఆరేళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, ఆయన పేరు నాకు తెలియదు. మా వాడికి ఆయన పేరే కాదు, కుక్క పేరు కూడా తెలుసు. ఆ రాత్రి ఆయన మా ఇంట్లో మిరియాల చారు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు.

కాబట్టి మీ పిల్లల గురించి టెన్షన్ వద్దు, వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు. ముడుచుకుని కూర్చునేది మనమే. పదిహేనేళ్లుగా ఉంటూ పక్కింటి మెక్సికో కుటుంబంతో ఒక్కసారైనా మాట్లాడనివాళ్లు నాకు చాలామంది తెలుసు. పైగా "ఇక్కడివాళ్లు కలవరండీ" అంటారు. ఎవరు కలవనిది?

ఇక ఇంటి సంగతి. కొనండి. కానీ ఇంటి పన్ను చూసుకుని మరీ కొనండి. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదని సంబరపడతాం గానీ, ఇంటి విలువలో దాదాపు 2 శాతం ఏటా కట్టాల్సిందే.

ఆ కడ్డీ లాంటిది నేనూ ఒకటి కొన్నాను, గ్యారేజీలో వేలాడుతూ ఉంటుంది. మా వీధిలో కొత్తగా ఎవరు దిగినా, వాళ్లది ఏ దేశమైనా, వెళ్లి ఆ మూత ఎక్కడుందో చూపించి వస్తాను.