క్రియాటినిన్ రిపోర్టులో దేవుడి ప్రేమ కనిపించదు

ప్రశ్న: మాది కాజీపేట. మా ఆయన ఆటో నడిపేవారు. రెండేళ్ల కింద రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదట్లో చర్చివాళ్లు, చుట్టాలు బాగానే వచ్చేవాళ్లు, ఇప్పుడు తగ్గిపోయారు. మొన్న ఒక ప్రార్థన కూడికలో పెద్దాయన ఒకరు “మీ ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉంది, విశ్వాసముంటే ఈ మిషన్ ఎందుకు, ఉపవాసం ఉండండి” అన్నాడు. అప్పటి నుంచి మా ఆయన డయాలసిస్ మానేస్తానంటున్నారు. పదహారేళ్ల కొడుకు చర్చికి రానంటున్నాడు. రాత్రిపూట నాకు దేవుడి మీద కోపం వస్తుంది, వెంటనే భయం వేస్తుంది. ఆయన మమ్మల్ని ప్రేమించడం మానేశాడా?

జవాబు: చెల్లెమ్మా, ముందు డయాలసిస్ సంగతి. అది ఆపితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ స్థితిలో ఉపవాసం కూడా డాక్టర్‌ను అడగకుండా వద్దే వద్దు. మందు వాడటం అవిశ్వాసమైతే, కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి రాసిన పౌలుకూ విశ్వాసం లేనట్టే! తన శరీరంలోని ముల్లు తీసేయమని ఆ పౌలే మూడుసార్లు బతిమాలుకున్నాడు. ముల్లు పోలేదు. “నా కృప నీకు చాలును” అన్న మాట వచ్చింది. మీ ఆయనకు ఇది చదివి వినిపించండి, నేను చెప్పానని కాదు, అది రెండో కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉందని.

ఇక పాపం మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి “ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా” అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. నన్నడిగితే, ఆ వారమే వాళ్లు మంచి స్నేహితులు. నోరు విప్పి “నువ్వేదో తప్పు చేసుంటావు” అనడం మొదలుపెట్టాక అంతా చెడింది. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. ఆ పెద్దాయన మళ్లీ వస్తే “అయ్యగారూ, ప్రార్థన చేయండి, సంతోషం. ఆ మాట మాత్రం మా ఇంట్లో అనకండి” అని చెప్పండి. పెద్దవాళ్లకు ఎదురు చెప్పినట్టవుతుందని వెనకాడకండి. ఆ మాట పట్టుకునే మీ ఆయన ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

దేవుడు ప్రేమించడం మానేశాడా అని అడిగారు. రోమా పత్రిక 8వ అధ్యాయం మీకు నోటికొచ్చే ఉంటుంది. క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఎడబాపేదెవరు అని అడిగి పౌలు ఒక జాబితా రాస్తాడు: శ్రమ, బాధ, హింస, కరవు, ఖడ్గం. ఇవి విశ్వాసుల ఇంటికి రావు అని ఎక్కడా అనలేదు. వచ్చే ఇళ్లవాళ్లకే ఆ ఉత్తరం రాశాడు. మనవాళ్లు చాలామంది దాన్ని తిరగేసి చదువుతారు: జబ్బు తగ్గితే ప్రేమ ఉన్నట్టు, తగ్గకపోతే పోయినట్టు. సాక్ష్యం చెప్పేటప్పుడు మైకు దొరికేది తగ్గినవాళ్లకే కదా! మీ క్రియాటినిన్ రిపోర్టు కిడ్నీ గురించే చెబుతుంది. దేవుడి మనసు చూడాలంటే సిలువ వైపు చూడాలి. “నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి” అని అక్కడ అరిచింది దేవుడి కొడుకే. అంత మాట అన్నవాడిని ఆయన వదిలేయలేదు.

అందుకే మీ కోపానికి భయపడకండి. 88వ కీర్తన తీయండి. మొదట్నుంచి చివరిదాకా మొరే. అది “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్న దగ్గర ఆగిపోతుంది. చుట్టాలు రావడం మానేసిన ఇంట్లో ఆ మాట ఎలా తగులుతుందో మీకు చెప్పక్కర్లేదు. అయినా దాన్ని కీర్తనల్లోంచి తీసేయలేదు. రాత్రి నిద్ర పట్టకపోతే అదే చదివి ఏడవండి. అదీ ప్రార్థనే.

బాబును చర్చికి లాక్కెళ్లకండి. “బాపును దేవుడు ఎందుకు పట్టించుకోడు” అని వాడడిగితే “నాకూ తెలియదు బిడ్డా, నేనూ అడుగుతున్నా” అనండి. అబద్ధపు జవాబు కన్నా అది వాడికి దగ్గరగా ఉంటుంది.

చర్చివాళ్లను పనులు కూడా అడగండి. మెదక్ చర్చి కట్టింది కరవు రోజుల్లోనే. ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ పని దొరికింది, అన్నం దొరికింది. ఇప్పుడూ ఆ పని చేయడానికి ఇష్టపడేవాళ్లు ఉంటారు, ఏం చేయాలో తోచక దూరంగా ఉంటారు, అంతే. డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పింఛన్ ఉంది, వస్తోందో లేదో మీరు రాయలేదు. కాగితాల పని తెలిసిన యూత్ కుర్రాడికి అప్పగించండి. కిడ్నీ మార్పిడి కుదురుతుందా, అవయవదానాల ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించవచ్చా అని డాక్టర్‌ను అడగండి. మీ ఆయన మళ్లీ బతుకు మీద విరక్తిగా మాట్లాడితే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి, అది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే డయాలసిస్ రోజు ఆయన వెంట చర్చి నుంచి ఎవరో ఒకరిని తోడు పంపండి. ఆ నాలుగు గంటలు ఫోన్ పక్కన పెట్టి పడుకోండి, చెల్లెమ్మా.