మీట్‌లోఫ్ ఒక్కడి కోసం వండేది కాదు, తమ్ముడూ

ఓహాయో వచ్చి మూడు నెలలైందనీ, గదిలో మిగతా ఇద్దరూ థ్యాంక్స్‌గివింగ్ సెలవులకు బంధువుల ఇళ్ళకు వెళ్తున్నారనీ రాశావు. టర్కీ కోడి మొత్తం వండడం నీ వల్ల కాదు కాబట్టి, ఆ పండుగ రుచులతో ఒక్కడికి సరిపడా మీట్‌లోఫ్, అంటే రొట్టె ఆకారంలో కాల్చిన కైమా, ఎలా చేసుకోవాలని అడిగావు. వంట చెబుతాను. ఆ "ఒక్కడికి సరిపడా" అన్న మాట మాత్రం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

నేను మీ ఓహాయోలోనే కొలంబస్‌లో చదువుకోవడానికి వచ్చింది 1998లో. థ్యాంక్స్‌గివింగ్ పండుగనాడు, అంటే నవంబరు నాలుగో గురువారం, దేశమంతా తలుపులు మూసుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం పాలూ బ్రెడ్డూ కొందామని బయలుదేరాను. ఒక దుకాణం మూసి ఉంది, దాని పక్కదీ మూసి ఉంది. ప్రతి ఇంటి ముందూ నాలుగేసి కార్లు, కిటికీల వెనక దీపాలు, వీధిలో మాత్రం నేనొక్కదాన్నే. తిరిగి వచ్చి అటుకులు నానబెట్టుకుని తిన్నాను. ఫోను కార్డులో మిగిలిన నిమిషాలతో అమ్మకు ఫోను చేసి, స్నేహితుల ఇంట్లో భోజనం చేశానని అబద్ధం చెప్పాను. అమ్మ నమ్మలేదని పదేళ్ళ తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు పట్టుదలతో నలుగురిని పిలిచాను. ఒకరు గొడ్డుమాంసం తినరు, ఒకరు పంది తినరు. అందుకే టర్కీ కైమాతో మీట్‌లోఫ్ చేద్దామనుకున్నాను. మన కైమా ఉండల ముద్దనే రొట్టె ఆకారంలో పేర్చి ఓవెన్‌లో కాల్చడమే కదా అనిపించింది. కొవ్వు లేకపోతే ఆరోగ్యమని 99 శాతం కొవ్వు లేనిదని రాసి ఉన్న పొట్లం కొన్నాను. చపాతీ పిండిలా పావుగంట మర్దించాను. ఓవెన్ 180 మీద పెట్టాను. మన వంట పుస్తకాల్లో ఆ అంకె సెల్సియస్‌లో ఉంటుంది, ఇక్కడి మీటలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. గంట తర్వాత చూస్తే లోపల పచ్చిగానే ఉంది. కంగారుపడి మంట ఒక్కసారిగా పెంచేసరికి పైన బీటలు వారింది, లోపల పీచులా బిగుసుకుంది. పొగ గంట మోగింది. ఆ మోతకు పక్కింటి పెద్దావిడ వచ్చింది. ఒక ముక్క వేలితో నొక్కి చూసి, "ఇందులో పాలు వేయలేదా?" అని అడిగింది. ఆ రాత్రి మాతోపాటు భోజనానికి కూర్చుంది. ఆ తర్వాత పదకొండేళ్ళు ఏ థ్యాంక్స్‌గివింగ్‌కూ ఆవిడ లేకుండా మేం తినలేదు.

ఆవిడ నేర్పిన పద్ధతి ఇదీ. మీ తరం పిల్లలు వీడియో చూస్తే చేయి తిరుగుతుందనుకుంటారు, కాస్త ఓపికగా చదువు. రెండు పౌండ్ల టర్కీ కైమా, 85 శాతమే కొవ్వు లేనిదని ఉన్నది తీసుకో. ఆ మిగతా కొవ్వే దాన్ని మెత్తగా ఉంచుతుంది. మూడు బ్రెడ్ ముక్కలు చిదిమి అరకప్పు పాలలో నానబెట్టు. ఉల్లిపాయ, రెండు సెలెరీ కాడలు సన్నగా తరిగి వెన్నలో మగ్గించి పూర్తిగా చల్లార్చు. ఇందులోకి చెంచాడు ఎండు సేజ్ ఆకు పొడి, కాస్త థైమ్ ఆకు, ఉప్పు, మిరియాల పొడి, రెండు గుడ్లు. థ్యాంక్స్‌గివింగ్ వాసన ఆ సేజ్‌లోనే ఉంది, మానేయకు. రెండు పచ్చిమిరపకాయలు నా సొంత చేర్పు. అన్నీ వేళ్ళతో తేలిగ్గా కలుపు, పిసకకు. పళ్ళెంలో రొట్టెలా పేర్చి 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటసేపు ఉంచు.

క్రాన్‌బెర్రీ అనే పుల్లటి పండ్ల జెల్లీ డబ్బా తెరిచి బోర్లిస్తే, డబ్బా గీతలు ఒంటిమీద అచ్చుపడిన ఎర్రటి జెల్లీ మొద్దు జారి పడుతుంది. అందులో నాలుగు చెంచాలు తీసి, చెంచాడు ఆవపిండి ముద్దతో కలిపి వేడిచేసి, ఆఖరి పావుగంటలో పైన పూయి. నిగనిగలాడుతుంది. నడిమధ్య థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపాలి. ఈ లెక్కలు అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురిస్తుంది, ఒకసారి చూసుకో. దించాక పదిహేను నిమిషాలు ముట్టుకోకు. వేడిమీద కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది.

ఇది ఆరుగురికి వస్తుంది. సగం కొలతలు అడగకు, చెప్పను. మీ విశ్వవిద్యాలయంలో సెలవులకు ఊరు వెళ్ళలేక గదుల్లో ఉండిపోయిన చైనా పిల్లలూ, నేపాల్ పిల్లలూ తప్పక ఉంటారు. మీ కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయన కూడా ఉండవచ్చు. బుధవారం సాయంత్రంలోగా నాలుగు తలుపులు తట్టు. గురువారం పొద్దున పిలిస్తే మొహమాటపడి రారు. రెండు తలుపులు తెరుచుకోకపోయినా మూడోది తట్టు. నేను మొదటి ఏడాది ఒక్క తలుపూ తట్టలేదు.

కైమా మంగళవారమే కొని పెట్టుకో. మీ అమ్మగారికి గురువారం రాత్రి ఫోను చేసేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళ చేత కూడా ఒక మాట మాట్లాడించు. ఎవరెవరు వచ్చారో నాకు రాయి.