గురువులు గ్యాడ్జెట్లను సమీక్షించవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కొందరు యువ కతోలిక గురువులు (ఫాదర్లు) తమ వీడియో చానళ్లలో ఫోన్లు, స్మార్ట్ వాచీల వంటి వస్తువులను పరీక్షించి చూపుతున్నారని గత సంచికలో ప్రస్తావించిన తరువాత పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను కోస్తా ప్రాంతంలోని ఒక మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) సహాయ గురువును. తీరిక దొరికినప్పుడు ఫోన్లు, ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్ స్పీకర్ల మీద తెలుగులో సమీక్షలు చేస్తుంటాను. ఇటీవల ఒక కంపెనీవారు ముప్ఫై వేల రూపాయలకు పైగా ధర ఉన్న ఫోన్‌ను పంపుతామని, సమీక్ష అయ్యాక తిరిగి ఇవ్వనక్కరలేదని రాశారు. తీసుకోవచ్చా? గురువులు ధరించే పొడవాటి అంగీతో కెమెరా ముందుకు రావడం తప్పవుతుందా?

జవాబు: ఫాదర్ గారూ, సమీక్షలు మానవద్దు, ఆ ఫోన్ మాత్రం ఉంచుకోవద్దు. సమాచార సాధనాలకు గురువులు దూరంగా ఉండాలని శ్రీసభ (కతోలిక సంఘం) చెప్పడం లేదు. 1931 ఫిబ్రవరిలో రేడియో శాస్త్రవేత్త మార్కోనీ చేత వాటికన్ రేడియోను నిర్మింపజేసి పదకొండవ భక్తినాథ (పయస్) పోపుగారే దానిని ప్రారంభించారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సామాజిక సమాచార సాధనాల మీద ప్రత్యేకంగా ఒక డిక్రీని వెలువరించింది. 2010లో పదహారవ బెనెడిక్ట్ పోపుగారు ప్రపంచ సమాచార దినోత్సవ సందేశాన్ని డిజిటల్ లోకంలో గురువుల సేవ అనే విషయం మీదనే ఇచ్చారు. కాబట్టి మీ ఆసక్తికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదు.

చిక్కంతా ఆ ‘తిరిగి ఇవ్వనక్కరలేదు’ అన్న మాటలో ఉంది. శ్రీసభ చట్టంలోని 286వ అధికరణం తగిన అధికారి అనుమతి లేకుండా గురువులు తమ లాభం కోసం గాని, ఇతరుల లాభం కోసం గాని, స్వయంగా గాని, ఇతరుల ద్వారా గాని వ్యాపారం చేయరాదని నిషేధిస్తున్నది. ఉచితంగా వచ్చిన ఒక్క ఫోన్ వ్యాపారమెలా అవుతుందని మీరు అడగవచ్చు. మన ఆదాయపు పన్ను శాఖ దీనిని ఎలా చూస్తున్నదో గమనించండి. 2022 జూలై 1న 194ఆర్ సెక్షన్‌గా అమలులోకి వచ్చిన నియమం ప్రకారం వ్యాపారం లేదా వృత్తి కారణంగా ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించిన ప్రయోజనం చేకూరితే, దానిని ఇచ్చినవారు 10 శాతం పన్ను మినహాయించాలి. సమీక్ష కోసం వచ్చిన వస్తువును పని ముగిశాక తిరిగి పంపితే అది ప్రయోజనం కాదని, ఉంచుకుంటే ప్రయోజనమేనని ఆ సందర్భంలో వెలువడిన సర్క్యులర్ మొబైల్ ఫోన్‌ను పేరు పెట్టి మరీ చెప్పింది. అంటే మీరు ఆ ఫోన్‌ను ఉంచుకున్న మరుక్షణం ప్రభుత్వ లెక్కలో మీ సమీక్ష ఒక వృత్తి అయిపోతుంది. శ్రీసభ చట్టం దృష్టిలో కూడా అలాగే అవుతుందని మేము తీర్పు చెప్పడం లేదు. మీ పీఠాధిపతులు (బిషప్ గారు) అడిగితే మీ దగ్గర ఏమి జవాబు ఉంటుందో ముందుగా ఆలోచించుకొమ్మని మాత్రమే అంటున్నాము. మఠవాస గురువులకైతే ఈ తర్జనభర్జన కూడా లేదు, ఎందుకంటే వారు తమ శ్రమతో సంపాదించినది వారి మఠ సభకే చెందుతుందని 668వ అధికరణం తేల్చి చెప్పింది.

దేశ చట్టం మరొకటి అడుగుతుంది. ఉచిత వస్తువులు, తగ్గింపు ధరలు, ప్రయాణ ఖర్చులు వంటి సంబంధం ఏది ఉన్నా ప్రేక్షకులకు స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచి, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరి మార్గదర్శకాల ద్వారా కోరుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలో పాలుపంచుకున్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తిరిగి ఇచ్చే షరతు మీద వచ్చిన ఫోన్ అయినా సరే, ఆ సంగతిని వీడియో మొదట్లోనే తెలుగులో చెప్పండి. కింద వివరణలో ఎక్కడో ఇంగ్లీషులో రాసి ఊరుకోవద్దు.

ఇక అంగీ విషయం. మీ మాటను జనం నమ్మడానికి సగం కారణం మీ సాంకేతిక జ్ఞానమైతే మిగిలిన సగం మీ గురుపట్టాభిషేకం. ఆ రెండవ సగం మీ సొంత ఆస్తి కాదు గనుక దానిని కంపెనీకి అరువు ఇవ్వడానికి వీలులేదు. గురువునన్న సంగతి దాచమని మేము చెప్పము, దాచినంత మాత్రాన అది దాగేదీ కాదు. అయితే ‘కొనండి’ అనే మాటను మీ నోటి నుంచి రానివ్వకండి. ఈ ఫోన్ మా విచారణలో (మా గుడి పరిధిలోని ఊళ్లలో) ఇలా పనిచేసింది, ఇక్కడ మొరాయించింది అని చెప్పి ఊరుకుంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఒక ఫాదర్‌గారు వీడియోలో మెచ్చుకున్న ఫోనే కావాలని పట్టుబట్టి చివరకు వాయిదాల మీద కొనిపించుకున్నాడు. అంతకు ముందున్న ఫోన్ బాగానే పనిచేసేది. గురువులు ఇలాంటి ఆశలు రేపడం సబబేనా? (ఒక తల్లి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో రాసిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో వాడి పారవేసే సంస్కృతిని గట్టిగా మందలించారు. దానిని ఆదివారం ప్రసంగంలో ఉదహరించి, సోమవారం నాడు కొత్త ఫోన్ పెట్టె విప్పుతూ మురిసిపోతే వినేవారికి ఏది నమ్మాలో తోచదు. మా అభిప్రాయంలో గురువు చేసే సమీక్ష కెమెరా మెగాపిక్సెళ్ల దగ్గర కాకుండా ఆ వస్తువు ఆయుష్షు దగ్గర మొదలుకావాలి. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. తక్కువ ధర ఫోన్లలో చాలా వాటికి ఈ గడువు అందులో సగం కూడా ఉండదు. పదిహేను వేల ఫోన్ కొనే కుటుంబానికి తెలియవలసినది ఇదే. బ్యాటరీ మార్పించడానికి ఎంత అవుతుంది, దగ్గరి సర్వీస్ సెంటర్ ఏ పట్టణంలో ఉంది అనేవి కూడా అంతే ముఖ్యం. మీ అబ్బాయి పాత ఫోన్ మూలన పడి ఉంటే, దానికి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయేమో చూసి, ఇంట్లో మరొకరి వాడకానికి ఇవ్వండి.

ప్రశ్న: వాటికన్‌వారు ఎలక్ట్రానిక్ జపమాల తెచ్చారని విన్నాను. శ్రీసభ తరఫున వచ్చిన వస్తువును గురువు విమర్శించవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం)

జవాబు: విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. మీరు విన్నది పోపుగారి విశ్వవ్యాప్త ప్రార్థనా బృందం 2019 అక్టోబరులో విడుదల చేసిన ‘క్లిక్ టు ప్రే ఈ-రోజరీ’ గురించి. నల్లని అగేట్, హెమటైట్ రాళ్ల పూసలు పది, వాటికొక సిలువ ఉన్న ఈ కంకణం ధర విడుదలైనప్పుడు 99 యూరోలు. దానితో సిలువ గుర్తు వేసుకుంటే మేల్కొని, ఫోన్‌లోని యాప్‌కు అనుసంధానమై, జపం ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది. తయారుచేసినది తైవాన్ కంపెనీ. ఇది నడిచిన అడుగులను కూడా లెక్కపెడుతుంది గనుక వాడేవారి ఎత్తు, బరువు వంటి వివరాలు సైతం యాప్‌లోకి చేరేవి.

విడుదలైన రోజుల్లోనే భద్రతా పరిశోధకులు ఒక లోపాన్ని పట్టుకున్నారు. యాప్‌లో ప్రవేశించడానికి పాస్‌వర్డ్‌కు బదులు ఈమెయిల్‌కు నాలుగంకెల పిన్ వస్తుంది. ఆ పిన్‌ను ఈమెయిల్‌కు పంపడంతో ఆగక, సర్వర్ అదే పిన్‌ను అడిగినవారి ఫోన్‌కు పంపే సమాధానంలో కూడా చేర్చి పంపేది. కాబట్టి మీ ఈమెయిల్ చిరునామా తెలిసిన ఎవరైనా, మీ మెయిల్ పెట్టెను తెరవకుండానే, మీ ఖాతాలోకి దూరగలిగేవారు. లోపాన్ని తెలియజేయగానే సంబంధితులు సరిదిద్దారు, అందుకు మెచ్చుకోవాలి. అయితే ఆశీర్వదించినంత మాత్రాన సాఫ్ట్‌వేర్‌కు భద్రత రాదు. భక్తి వస్తువు కదా అని పరీక్షను సడలించే సమీక్షకుడు విశ్వాసులకు అపకారమే చేస్తాడు. నిజానికి, మామూలు యాప్‌కన్నా ప్రార్థన యాప్‌ను మనవాళ్లు ఎక్కువగా నమ్ముతారు గనుక దానినే ఎక్కువగా శోధించాలి. కొనాలా అంటే, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ జపం చెప్పుకునే అలవాటున్న మీకు ఇది అవసరమని మాకు తోచదు.

ప్రశ్న: స్మార్ట్ వాచీ, చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) వినడం, చెప్పుకోవడం సరైనదేనా? (ఒక గురువిద్యార్థి, హైదరాబాదు)

జవాబు: గురువు మాత్రమే చేయగలిగిన సమీక్ష ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది. సంకీర్తన రహస్యాన్ని భంగపరచరాదని 983వ అధికరణం చెబుతున్నది. 2021 డిసెంబరు 8 నుంచి అమలులో ఉన్న సవరించిన 1386వ అధికరణం మరింత ముందుకు వెళ్లి, పాపసంకీర్తనంలో పలికిన మాటలను సాంకేతిక పరికరంతో రికార్డు చేసినా, సమాచార సాధనాల ద్వారా వెల్లడించినా శిక్షార్హమని, చేసినది గురువైతే గురుత్వ హోదానుంచి తొలగింపు కూడా ఉండవచ్చని నిర్దేశించింది.

బుద్ధిపూర్వకంగా రికార్డు చేసేవారు అరుదు. మనం జాగ్రత్తపడవలసినది తెలియకుండా వినే పరికరాల గురించి. ఉదాహరణకు ఐఫోన్‌లో ‘లైవ్ లిజన్’ అనే సౌకర్యం ఉంది. వినికిడి తగ్గినవారి కోసం ఉద్దేశించిన ఈ సౌకర్యం 2018 నుంచి ఎయిర్‌పాడ్స్‌తో కూడా పనిచేస్తున్నది. ఫోన్‌ను మాట్లాడేవారి దగ్గర పెడితే దాని మైకు పట్టిన మాటలు కొంత దూరంలో ఉన్నవారి చెవిలో వినబడతాయి. చెవుడున్న వృద్ధుడైన గురువుకు ఇది వరమే. కాని సంకీర్తన పీఠం మీద ఎవరో మరచిపోయిన ఫోన్ ఇదే స్థితిలో ఉంటే, గుడి తలుపు దగ్గర నిలబడిన మనిషికి లోపలి మాటలు చేరగలవు. ‘వినికిడికి అద్భుతం’ అని మార్కులు వేసే సమీక్షలు చాలా ఉన్నాయి గాని ఈ కోణం వాటిలో కనబడదు. స్మార్ట్ వాచీలలో కూడా పిలుపు పదం (పరికరాన్ని మేల్కొలిపే మాట) కోసం మైకు ఎదురుచూస్తూ ఉండేవి ఉన్నాయి. దానిని పోలిన శబ్దాన్ని ఆ పదమని పొరబడి మేల్కొనడమూ కద్దు. కనుక వాచీని, ఫోన్‌ను సక్రిస్తీలోనే (గురువు పూజా వస్త్రాలు వేసుకునే గదిలోనే) వదిలి వెళ్లడం మంచిది. వినికిడి యంత్రం తప్పనిసరి అయినవారు ఫోన్ యాప్‌తో సంబంధం తెంచి, యంత్రాన్ని మాత్రమే వాడుకోవాలి.

ప్రశ్న: మా విచారణ గురువులు పూజాగ్రంథం బదులు ట్యాబ్లెట్ చూసి పూజ చేస్తున్నారు. ఏ ట్యాబ్లెట్ మంచిదో చెప్పగలరా? (ఒక ఉపదేశి)

జవాబు: ఏ ట్యాబ్లెటూ కాదు. న్యూజిలాండ్ పీఠాధిపతులు 2012లోనే ఈ ప్రశ్నను పరిశీలించి, దైవార్చనలో అధికారిక పూజాగ్రంథాన్నే వాడాలని, ట్యాబ్లెట్లు, ఈ-రీడర్లు, ఫోన్లు అధ్యయనానికి, సమావేశాలకు పనికివస్తాయని తమ గురువులకు రాశారు. అది వారి దేశానికి చెందిన నిర్ణయమే అయినా, కారణం మనకూ వర్తిస్తుంది. పూజాగ్రంథం ఆ ఒక్క పనికే ప్రత్యేకించినది. ట్యాబ్లెట్ మీద నిన్న రాత్రి సినిమా చూసి ఉండవచ్చు. ప్రయాణాల్లో అనుదిన ప్రార్థనలు చెప్పుకోవడానికి మాత్రం ‘ఐబ్రేవియరీ’ వంటి యాప్‌లు ఎంతో ఉపయోగం. దానిని రూపొందించినవారిలో పావొలో పాద్రీని అనే ఇటలీ గురువు ఉన్నారు.

ప్రశ్న: మా గుడికి కొత్త మైకు సెట్టు కొనాలి. పైకప్పు చాలా ఎత్తు, ప్రసంగం వెనక వరుసలకు అర్థం కాదు. షాపువారు ఇంకా ఎక్కువ వాట్ల స్పీకర్లు కావాలంటున్నారు. (విచారణ సంఘ సభ్యుడు, నల్లగొండ జిల్లా)

జవాబు: వాట్లు పెంచితే మీ సమస్య పెరుగుతుంది. ఎత్తైన పైకప్పు, నునుపైన గోడలు, గచ్చు నేల ఉన్న గుడిలో ఒక మాట ప్రతిధ్వని చల్లారకముందే తరువాతి మాట వచ్చి దాని మీద పడుతుంది. ధ్వని పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. బలిపీఠం దగ్గర రెండు పెద్ద పెట్టెలు పెట్టే బదులు, గోడల వెంబడి చిన్న కాలమ్ స్పీకర్లను (సన్నగా, నిలువుగా ఉండేవి) జనానికి దగ్గరగా, తక్కువ ధ్వనితో అమర్చండి. గురువుకు నోటికి దగ్గరగా నిలిచే మైకు ఇవ్వండి. డబ్బు కట్టే ముందు షాపువారిని ఆ సెట్టును గుడికి తెచ్చి బిగించమని అడగండి, అదీ ఆదివారం పూజకు జనం నిండుగా ఉన్నప్పుడు. ఖాళీ గుడిలో విని తీర్మానించవద్దు. మనుషులు, వారి బట్టలు ధ్వనిని కొంత పీల్చుకుంటాయి గనుక జనం ఉన్నప్పుడు వినబడే తీరు వేరుగా ఉంటుంది. ఆ పూటకు మీ సంఘంలో చెవి కొంచెం మందగించిన పెద్దవారిని చివరి వరుసలో కూర్చోబెట్టి, సువిశేష పఠనంలో ఏమి విన్నారో తరువాత అడిగి, ఆ జవాబును బట్టే కొనాలో వద్దో తేల్చుకోండి.