సమాధానం: కొత్త టీముకు పరిచయం రాస్తే బయోడేటాలా వస్తోంది

కొత్త వెబ్ టీముకు రాసిన పరిచయం బయోడేటాలా ఎందుకు వస్తోందని అడిగారు. మీరు ఉద్యోగం ఇచ్చేవారిని ఉద్దేశించి రాస్తున్నారు, కారణం అదే. ఉద్యోగం వచ్చేసింది కదా! చదివేది సోమవారం నుంచి మీతో కలిసి పనిచేసేవాళ్లు. మీ చిత్తుప్రతిలో హెచ్‌టీఎంఎల్ నుంచి డాకర్ వరకు టెక్నాలజీల పేర్లు బారులు తీరాయి. మిమ్మల్ని ఎప్పుడు, ఎలా పలకరించాలో ఒక్క ముక్క లేదు.

1. నేపథ్యం రెండు వాక్యాలు చాలు. చేసిన పని ఒకటి చెప్పండి: "ఐదేళ్లుగా వెబ్ పని. కిందటి చోట పాత పీహెచ్‌పీ బిల్లింగ్ పేజీలను రియాక్ట్‌లోకి మార్చాను."

2. చాలామంది వదిలేసేది పని తీరు. "కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను" తీసేయండి, అది ఎవరికీ ఉపయోగపడదు. ఇలా రాయండి:
"పది నుంచి ఒంటిగంట వరకు కోడ్ రాస్తాను, చాట్ ఆలస్యంగా చూస్తాను. సైటు ఆగిపోతే మాత్రం ఫోను చేయండి. అరగంట తిప్పలు పడ్డా తేలకపోతే మిమ్మల్ని అడుగుతాను. కోడ్ రివ్యూలో తప్పులు నేరుగా చెప్పండి, నొచ్చుకోను."
ఆ చివరి మాట నిజమైతేనే ఉంచండి.

3. సగం టీము న్యూయార్క్‌లో ఉందన్నారు. వేళల పక్కన "భారత సమయం" అని చేర్చండి. అక్కడ ఉదయం 9 అంటే హైదరాబాద్‌లో వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఈ తేడా మరిచి, ఒకసారి రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద నిలబడి డెమో ఇచ్చాను.

4. ఇరానీ చాయ్, క్రికెట్ వగైరా ఇష్టాలు ఒక్క వాక్యంలో.